ఎమా దాత్సి: చిక్కంతా చీజ్ దగ్గరే

ఇరవై నిమిషాల భూటాన్ కూర ఇది. కానీ మొదటిసారి వండేవాళ్లకు అంతకు ముందు రెండు గంటలు వెతుకులాటకే పోతాయి. ఒకరు పనీర్ వేయమంటారు, ఒకరు పిజ్జా చీజ్ అంటారు, ఇంకొకరు పిల్లల టిఫిన్ బాక్సులో పెట్టే చీజ్ స్లైసులే కరెక్ట్ అంటారు. ఒక ఫోటోలో కూర పసుపు రంగులో, గరిటెకు పట్టుకునేంత చిక్కగా ఉంటుంది. ఇంకో ఫోటోలో పాలు కలిపిన చారులా తెల్లగా, పల్చగా కనిపిస్తుంది. రెండింటి కిందా రాసిన పేరు ఒకటే. మరి ఎవరు చెప్పేది నమ్మాలి?

నేను ముందు పనీర్ వాళ్లను నమ్మాను. మిరపకాయలు ఉడికాక పనీర్ ముక్కలు వేసి పావుగంట ఎదురుచూశాను. ఒక్క ముక్క కూడా కరగలేదు. కారపు నీళ్లలో రబ్బరు ముక్కలు తేలుతున్నట్టు తయారైంది. రెండోసారి పిజ్జా చీజ్ తురిమి వేసి బాగా మరిగించాను. గరిటె ఎత్తితే చీజ్ మొత్తం ఒక్క ముద్దగా, తాడులా సాగుతూ పైకి లేచింది. గిన్నెలో పసుపుపచ్చ నూనె, నీళ్లు, మిరపకాయలు మిగిలాయి. మూడోసారి వండే ముందు మాత్రం రెసిపీలు పక్కన పెట్టి, అసలు దాత్సి అంటే ఏమిటో తెలుసుకున్నాను. ముందే ఆ పని చేసి ఉంటే అరకిలో చీజ్ మిగిలేది.

భూటాన్ జాతీయ భాష జోంగ్ఖాలో ఎమా అంటే మిరపకాయ, దాత్సి అంటే చీజ్. కూర పేరులోనే సరుకుల చీటీ ఉందన్నమాట. దాత్సిలో ఆ ‘త్సి’ పలకడం మనకు కష్టమేమీ కాదు. చల్ల, చుక్క అనేటప్పుడు నాలుక పళ్లకు తగిలేలా పలికే ‘చ’ ఉంది కదా, దానికి చాలా దగ్గర. భూటాన్ వాళ్లు దీన్ని తమ జాతీయ వంటకంగా చెప్పుకుంటారు. పండగ వంట కాదిది, రోజూ అన్నంలోకి ఉండాల్సిందే. మన ఇళ్లలో పప్పు లేని రోజు ఎలాగో, అక్కడ దాత్సి లేని పూట అలాగ.

చల్ల నుంచి పుట్టినది

తెలుగులో చీజ్‌కు సరైన మాట లేదు. నిఘంటువులు జున్ను అంటాయి గానీ, మనకు జున్ను అంటే ఈనిన ఆవు దగ్గర పితికిన తొలి పాలను బెల్లం వేసి కాచి చేసుకునే తీపి. దాత్సికి దానితో ఏ సంబంధమూ లేదు. పనీర్‌తోనూ పూర్తి చుట్టరికం లేదు. దాత్సిని చేసే పద్ధతి తెలిస్తే మాత్రం మన అమ్మమ్మలు వెంటనే గుర్తుపడతారు, ఎందుకంటే అది చల్ల నుంచి పుడుతుంది.

పల్లెల్లో ఆవు పాలు (ఎత్తైన కొండల మీద అయితే జడలబర్రె జాతి పాలు) తోడుపెట్టి, చిలికి వెన్న తీస్తారు. వెన్న వాళ్లకు విలువైన సరుకు. ఉప్పు వేసి చేసే వెన్న టీకి, దీపాలకు, అమ్మకానికి అదే కావాలి. వెన్న పోగా మిగిలిన చల్లను మనం తాగేస్తాం, అన్నంలో పోసుకుంటాం, మజ్జిగ పులుసు పెడతాం. వాళ్లు దాన్ని సన్నని సెగ మీద కాస్తారు. పులిసిన చల్ల వేడెక్కితే విరుగుతుంది. తేలిన తరకలను వడగట్టి చేత్తో నొక్కి గుండ్రని ముద్దలు చేస్తారు. ఆ ముద్దే దాత్సి. సంతల్లో ముద్దల లెక్కన అమ్ముతారు.

ఇందులోంచి రెండు సంగతులు తేలుతున్నాయి. ఒకటి, వెన్న ముందే తీసేశారు కాబట్టి దాత్సిలో కొవ్వు తక్కువ. అందుకే కూరలో మళ్లీ వెన్నో నూనో వేస్తారు. రెండు, అది పులుపుతో విరిగిన చీజ్. కాబట్టి తీగలా సాగదు. మెత్తగా, తడిగా ఉండటం వల్ల వేడి నీళ్లలో చిదిమితే నలిగి, సన్నని రవ్వలా విడిపోయి, నీళ్లను పాలలా తెల్లగా మారుస్తుంది. ఆ పల్చటి తెల్ల కూర ఫోటో తప్పు రెసిపీ కాదు, అసలు పల్లె రూపం అదే.

దాత్సి కూడా ఒకే రకం కాదు. తాజాది ఉంది, నెలల తరబడి పులియబెట్టి ఘాటుగా చేసేదీ ఉంది. అమెరికాలో కొన్ని రెసిపీల్లో ఒక చెంచా బ్లూ చీజ్ కనిపించడానికి కారణం ఆ ఘాటు కోసం పడే తాపత్రయమే. ఇక జడలబర్రె పాల చీజ్‌ను రాయిలా ఎండబెట్టి దండలుగా గుచ్చే ఛుగో అనే రకం వేరు. దాన్ని గంటల కొద్దీ చప్పరిస్తారు, డార్జిలింగ్, సిక్కిం వైపు ఛుర్పి అంటారు. భూటాన్ చీజ్ దొరికిందని సంతోషపడి దాన్ని కూరలో వేశారో, పళ్లకు పని.

కరిగేది, కరగనిది

పనీర్ ఎందుకు కరగలేదు? పిజ్జా చీజ్ ఎందుకు తాడైంది? రెంటికీ సమాధానం కాల్షియంలో ఉంది.

పాలలో ఉండే ముఖ్యమైన ప్రొటీన్ కేసీన్. చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని పాలలో తేలుతూ ఉంటుంది. ఆ ఉండలను పట్టి ఉంచే జిగురు కాల్షియం ఫాస్ఫేట్. పాలలో నిమ్మరసం పిండినా, తోడు పులిసినా ఆమ్లత పెరిగి ఆ కాల్షియం నీళ్లలోకి కరిగిపోతుంది. ఆమ్లతను కొలిచే పీహెచ్ 4.6 దగ్గరకు వచ్చేసరికి కేసీన్ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని గడ్డ కడుతుంది. అలా పట్టుకున్నాక వేడి చేస్తే విడిపోదు, ఇంకా బిగుసుకుంటుంది. పనీర్‌ను నూనెలో వేయించినా ముక్క ముక్కలాగే ఉండేది ఇందుకే. బటర్ మసాలాలో అది మంచి గుణం, ఎమా దాత్సిలో శాపం.

పిజ్జా మీద వేసే మోజరెల్లా, చెడ్డార్ లాంటివి రెన్నెట్ అనే ఎంజైముతో గడ్డ కట్టినవి. వాటిలో కాల్షియం చాలావరకు అలాగే ఉంటుంది. వేడి తగిలితే ఆ వల సడలి చీజ్ కరుగుతుంది, సాగుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ మరిగే నీళ్లలో వేసి అలాగే ఉంచితే ప్రొటీన్ ముడుచుకుపోయి, లోపలి కొవ్వును బయటికి నెట్టేస్తుంది. నా గిన్నెలో తాడు ఒకవైపు, నూనె ఒకవైపు అయిన కథ ఇదే.

ప్రాసెస్డ్ చీజ్ దగ్గర ఈ తగాదా లేదు. అమూల్ క్యూబుల లాంటి వాటి ప్యాకెట్ వెనక చూడండి, ఎమల్సిఫయర్ అని రాసి పక్కన 331, 339, 452 లాంటి నంబర్లు ఉంటాయి. అవి సోడియం సిట్రేట్, సోడియం ఫాస్ఫేట్ల లాంటి లవణాలు. కేసీన్ దగ్గర ఉన్న కాల్షియాన్ని లాగేసుకుని ఆ చోట సోడియంను కూర్చోబెడతాయి. అప్పుడు కేసీన్ ఒక చేత్తో కొవ్వును, ఇంకో చేత్తో నీళ్లను పట్టుకోగలుగుతుంది. వేడి చేసినా అంత తేలిగ్గా విరగకుండా నున్నటి సాస్ అవుతుంది. ఆ పసుపుపచ్చ చిక్కటి కూర ఫోటో ఇక్కడి నుంచి వచ్చింది.

‘అయితే అది అసలు ఎమా దాత్సి కాదా?’ అని అడిగేవాళ్లుంటారు. భూటాన్ రాజధాని థింఫూ ఇళ్లలోనూ హోటళ్లలోనూ మన దేశం నుంచి వెళ్లే అమూల్ చీజ్ మామూలు సరుకే. తాజా దాత్సితో పాటు ఒకటి రెండు క్యూబులు వేసేవాళ్లూ ఉన్నారు. మన దగ్గర రాగి సంగటి కుక్కర్‌లో వండితే సంగటి కాకుండా పోతుందా? శుద్ధి అశుద్ధాల పంచాయితీ బయటి నుంచి చూసేవాళ్లకే ఎక్కువ.

నా మటుకు నాకు కలిపి వేస్తేనే బాగుంది. ఇంట్లో చేసిన దాత్సి పులుపు, పాల వాసన ఇస్తుంది. ప్రాసెస్డ్ చీజ్ దాన్ని పట్టి ఉంచుతుంది. దాత్సి చేసుకోవడానికి లీటరు చిక్కటి చల్ల కావాలి, ఒక రోజు పులిసినదైతే ఇంకా మంచిది. సన్నని సెగ మీద పెట్టి, ఊరికే కలపకుండా వదిలేయాలి. కాసేపటికి అంచుల దగ్గర పచ్చని నీళ్లు కనిపించి, మధ్యలో తెల్లటి తరక పేరుకుంటుంది. తెర్లే దాకా ఆగితే రవ్వ గట్టిపడుతుంది, అంతకు ముందే దించాలి. పల్చటి బట్టలో పోసి వేలాడదీస్తే అరగంటలో నీళ్లు కారిపోతాయి. సుమారు వంద గ్రాముల మెత్తటి ముద్ద వస్తుంది. పూర్తిగా పిండేయకండి, తడి ఉంటేనే కూరలో కలుస్తుంది. కారిన నీళ్లను కూర ఉడకడానికే పోసేయొచ్చు, కాకపోతే కొంచెం పులుపు తగులుతుంది.

అంత ఓపిక లేకపోతే ప్రాసెస్డ్ చీజ్ ఒక్కటే చాలు. అమెరికాలో ఉన్నవాళ్లకు షాపుల్లో దొరికే ఫార్మర్స్ చీజ్ దాత్సికి దగ్గరగా ఉంటుంది, దాంట్లో కాస్త కరిగే చీజ్ కలిపితే సరి. శాకాహారులు రెన్నెట్ సంగతి చూసుకోవాలి, అది దూడ పొట్ట నుంచి తీసినదీ ఉంటుంది, సూక్ష్మజీవులతో చేసినదీ ఉంటుంది. మన దేశంలో ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క ఆ సంగతి చెప్పేస్తుంది.

పావు కిలో మిరపకాయలా!

రెసిపీ చదివి మనవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. నలుగురికి కూర అంటే పావు కిలో పచ్చిమిరపకాయలు. గుంటూరు జిల్లా వాళ్లయినా సరే ఒక్క క్షణం కళ్లు తిప్పుతారు.

మనకు మిరపకాయ కారం కోసం. కూరకు వంకాయో దొండకాయో ఉంటుంది, మిరపకాయ దానికి రుచినిస్తుంది. భూటాన్‌లో మిరపకాయే కాయగూర. మన దగ్గర కూడా ఆ ఆలోచన పూర్తిగా లేకపోలేదు. హైదరాబాద్ బిర్యానీ పక్కన పెట్టే మిర్చీ కా సాలన్‌లో మిరపకాయే కూర. అక్కడ వేరుశనగ, నువ్వుల ముద్దలోని నూనె చేసే పని ఇక్కడ పాల కొవ్వు చేస్తుంది. ఊరమిరపకాయలైతే మరీ దగ్గరి చుట్టం: మిరపకాయలను చీల్చి ఉప్పేసిన చల్లలో నానబెట్టి ఎండబెడతాం. మిరపకాయ కోపాన్ని చల్ల దించుతుందని రెండు చోట్లా కనిపెట్టారు.

అలాగని రోజూ పోపులో వేసే సన్న పచ్చిమిరపకాయలు పావు కిలో తెచ్చి వండితే ఎవరూ తినలేరు. భూటాన్ కూరకు వాడేవి పొడవుగా, లావుగా, కండ ఉన్న కాయలు. అవీ కారంగానే ఉంటాయి గానీ తినడానికి గుజ్జు ఉంటుంది. మనకు దొరికే వాటిలో బజ్జీ మిరపకాయలే సరైనవి. పావు కిలో బజ్జీ కాయలకు నాలుగైదు మామూలు పచ్చిమిరపకాయలు జోడిస్తే కారం మన నాలుకకు సరిపోతుంది. కాప్సికం మాత్రం వద్దు. అందులో కారం లేదు, పైగా దాని తీపి వాసన కూరంతా పట్టేస్తుంది.

కారం తగ్గించడానికి గింజలు తీసేయమంటారు. నిజానికి కారానికి పుట్టిల్లు గింజ కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనె. కాప్సైసిన్ తయారయ్యేది అక్కడే, గింజకు పక్కనున్నందుకు అంటుతుంది. కాయను నిలువునా చీల్చి, చెంచా కొనతో ఆ తెల్ల ఈనెను గీకేస్తే కారం సగానికి పైగా పోతుంది. ఈ పని ముందు చేతులకు కాస్త నూనె రాసుకోండి, తర్వాత సబ్బుతో కడగండి. నీళ్లతో ఎంత కడిగినా మంట పోదు, కాప్సైసిన్ నీళ్లలో కరగదు కాబట్టి. నోరు మండినప్పుడు నీళ్లు తాగితే లాభం లేనిదీ అందుకే. అది కొవ్వులో కరుగుతుంది, కేసీన్ కూడా దాన్ని పట్టుకుని నాలుక మీంచి తీసుకుపోతుంది. అంటే ఈ కూరలో మందూ మంటా ఒకే గిన్నెలో ఉన్నాయి.

ఇంకో చిన్న సంగతి. నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకమే కారాన్నీ పసిగడుతుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని కనిపెట్టింది, ఆ దారిలో చేసిన పరిశోధనకే 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. వేడి, కారం రెండూ ఒకే తలుపు తడతాయి కాబట్టి పొగలు కక్కే కూర గోరువెచ్చటి దానికన్నా ఎక్కువ కారంగా తోస్తుంది. పది నిమిషాలు ఆగి వడ్డించండి.

ఆ దేశంలో మిరపకాయ ఎంత పెద్ద విషయమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2016లో భారత్ నుంచి వచ్చే మిరపకాయల్లో పురుగుమందుల అవశేషాలు పరిమితి దాటాయని భూటాన్ వాటి దిగుమతిని ఆపేసింది. చలికాలంలో అక్కడి కొండల మీద మిరప పండదు. దాంతో కొరత, ధరలు. వెచ్చగా ఉండే దక్షిణ జిల్లాల్లో శీతాకాలపు మిరప వేయించడానికి ప్రభుత్వం పూనుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఉల్లిపాయ ధర పెరిగితే పడే గొడవ గుర్తు తెచ్చుకోండి. చలికాలం కోసం ఇళ్లలో జాగ్రత్తలూ ఉన్నాయి. శరదృతువులో పారో లోయలో ఇళ్ల కప్పుల మీద ఎర్ర మిరపకాయలు పరిచి ఎండబెడతారు. పచ్చికాయలను వేడినీళ్లలో ముంచి తీసి ఎండబెడితే తెల్లబడతాయి, వాటిని షుకాం అంటారు. ఎండు ఎర్రకాయలతో ఒక ఎమా దాత్సి, తెల్లకాయలతో ఒకటి, పచ్చివాటితో ఒకటి. రుచి దేనిది దానిదే.

పొయ్యి మీద

ఇంత చదివాక వంట చాలా తేలిక. ముందుగా ఒక మాట: పోపు లేదు. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, పసుపు ఏవీ పడవు. చేయి దురద పెడుతుంది, ఓర్చుకోండి. అల్లం కూడా సాధారణంగా వేయరు.

పావు కిలో బజ్జీ మిరపకాయలు నిలువుగా నాలుగు చీలికలు, ఒక ఉల్లిపాయ లావు ముక్కలు, చితక్కొట్టిన ఐదారు వెల్లుల్లి రెబ్బలు, చిన్న టమాటా ఒకటి. అన్నీ పచ్చివే గిన్నెలో వేసి, ఒకటిన్నర గ్లాసు నీళ్లు, రెండు చెంచాల వెన్న వేసి మూత పెట్టాలి. మిరపకాయలను నూనెలో వేయించం కాబట్టి వంటింట్లో ఘాటు రాదు, ఎవరికీ దగ్గు రాదు. ఉల్లి, టమాటా విషయంలో భూటాన్‌లోనే ఇంటికో పద్ధతి ఉంది. టమాటా పులుపు కాబట్టి ఒకటి దాటనివ్వకండి. పాలు కూడా పోద్దామనుకుంటే టమాటా మానేయండి, విరుగుతాయి.

మధ్యస్థ మంట మీద పది పన్నెండు నిమిషాలు. మిరపకాయ మెత్తబడాలి, కానీ తొక్క ఊడి చిదిమిపోకూడదు. భూటాన్ వాళ్ల రెసిపీల్లో ఇంకా ఎక్కువ సమయం చెబితే కంగారు పడకండి. థింఫూ సముద్రమట్టానికి సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి. హైదరాబాద్‌లో 98, విశాఖలో దాదాపు 100. వాళ్ల మరుగు మన మరుగంత వేడిగా ఉండదు.

ఇప్పుడు స్టవ్ ఆపేయండి. నా మూడు ప్రయత్నాల సారం ఈ వాక్యంలోనే ఉంది. బుడగలు ఆగాక ఆరు చీజ్ క్యూబులు తురిమి పైన చల్లండి. ఇంట్లో చేసిన దాత్సి ఉంటే నాలుగు క్యూబులు, దానితో పాటు చిదిమిన దాత్సి. కలపకండి. మూత పెట్టి మూడు నిమిషాలు వదిలేస్తే ఆవిరికే మెత్తబడుతుంది. తర్వాత గరిటెతో అడుగు నుంచి నెమ్మదిగా రెండు మూడుసార్లు తిప్పితే నీళ్లు తెల్లబడి గరిటెకు పల్చగా పట్టుకుంటాయి. మరీ పల్చగా ఉందనిపిస్తే సన్నని సెగ మీద ఒక నిమిషం, అంతే.

ఉప్పు ఆఖర్న, రుచి చూశాకే. ఒక్కో క్యూబులో ఉప్పు ఉంది, వెన్నలోనూ ఉండొచ్చు. నేను ఒకసారి అలవాటుగా మొదట్లోనే వేసి కూర మొత్తం పాడు చేశాను.

పక్కన భూటాన్‌లో పెట్టేది పారో వైపు పండే ఎర్రబియ్యం అన్నం. పొట్టి గింజ, ఉడికాక గులాబీ రంగు, కొంచెం అంటుకునే గుణం. అది దొరక్కపోతే సోనామసూరి అన్నాన్నే ఒక అర గ్లాసు నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండండి. పొడిపొడిగా ఉండే బాస్మతి మీద ఈ చారు నిలవదు. చపాతీతో తినమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, నేను ప్రయత్నించాను, మళ్లీ ప్రయత్నించను.

పిల్లలున్న ఇంట్లో ఇదే గిన్నెను రెండుగా విడగొట్టొచ్చు. కెవా దాత్సి అంటే బంగాళాదుంపలతో చేసేది, షాము దాత్సి అంటే పుట్టగొడుగులతో చేసేది. పద్ధతి అదే, మిరపకాయలు రెండో మూడో పడతాయి. పల్చగా తరిగిన దుంప ఉడుకుతూ వదిలే గంజి చీజ్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి విరిగే టెన్షన్ కూడా తక్కువ. నిజానికి కొత్తవాళ్లు మొదట కెవా దాత్సితో చేయి తిప్పుకుని తర్వాత ఎమాకు రావడం మేలు.

మిగిలిన కూర ఫ్రిజ్‌లో పెడితే పెరుగులా పేరుకుంటుంది. మైక్రోవేవ్‌లో ఫుల్ మీద పెట్టారంటే నూనె తేలుతుంది. రెండు గరిటెల వేడినీళ్లు పోసి సన్నని సెగ మీద కలుపుతూ ఉంటే మళ్లీ సర్దుకుంటుంది. రాత్రంతా ఊరిన మిరపకాయ మర్నాడు ముందటి రోజుకన్నా కారంగా ఉంటుందని మా ఇంట్లో ఇద్దరు అంటారు, ఇద్దరు కాదంటారు. గిన్నె మాత్రం మధ్యాహ్నానికి ఖాళీ.